పొగ రంగు తేలేదాకా

ప్రభుత్వంవారు ఏ నియమం పెట్టినా ప్రజల మేలు కోసమే పెడతారని నా నమ్మకం. నమ్మకం లేనివాడు పూజాసామగ్రి కొట్టు నడపలేడు. కుంకుమ, వత్తులు, హారతి కర్పూరం అమ్ముకునేవాణ్ణి. చదివింది పదో తరగతి. కాబట్టి ‘వాహన ధూమ నిర్ధారణ మండలి’ గురించి నేను చెప్పబోయేదాంట్లో ఎక్కడైనా వింతగా అనిపిస్తే, అది నాకు సరిగా అర్థం కాకపోవడం వల్లనే అనుకోండి.

మాకొక కారు ఉంది. పాతది, డీజిలుది, టర్బో ఉన్నది. నా భార్య మాణిక్యాంబ మోకాళ్ళు అరిగి బస్సు మెట్లు ఎక్కలేకపోతోందని నాలుగేళ్ళ కిందట కొన్నాను. ఈ వేసవిలో ఆమె తమ్ముడికి గుండె ఆపరేషను జరిగింది. అతను లోపల ఉండగా ఈమె బయట బల్లమీద కూర్చుని, తమ్ముడు లేచి కూర్చుంటే కార్తీక సోమవారం నాడు పంచారామాలు ఐదూ ఒక్కరోజులో దర్శనం చేసుకుంటానని మొక్కుకుంది. తమ్ముడు లేచి కూర్చున్నాడు. కూర్చోవడమే కాదు, మూడోరోజున ఆవకాయ అడిగాడు. ఇక మొక్కు తీర్చాలి. సామర్లకోట నుంచి అమరావతి దాకా ఐదు గుళ్ళు, సుమారు మూడు వందల కిలోమీటర్లు. ఆ కార్తీకంలో సోమవారాలు నాలుగు.

కార్తీకం ఇంకా వారం ఉందనగా కారు పొగ వదలడం మొదలుపెట్టింది.

రైల్వే గేటు దగ్గర గూడ్సు బండి పోయేదాకా ఇంజను ఆపకుండా నిలబడ్డాం. గేటు ఎత్తాక కాలు నొక్కేసరికి వెనకాల నీలంగా ఒక మేఘం లేచింది. మా వెనక స్కూటరు మీద ఉన్నాయన అందులో మాయమైపోయాడు. గొంతు మాత్రం వినిపించింది.

“ఏవయ్యోయ్! కారా, దోమల మందు బండా?”

మర్నాడు మా మెకానిక్ మస్తాన్ వలీ షెడ్డుకి తీసుకెళ్ళాను. అతను బానెట్ ఎత్తి, నూనె మట్టం చూసే పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీశాడు.

“ముప్పావు లీటరు తగ్గిందండి శంకరంగారూ. కింద కారతందాండి?”

“లేదయ్యా. రాత్రంతా కారు కింద పాత క్యాలెండరు కాగితాలు పరిచి చూశాను. చుక్క మచ్చ లేదు.”

“అయితే ఇంజనే తాగేత్తందండి. నల్ల పొగంటే డీజిలు సరిగా కాలట్లేదని. తెల్లటిదైతే నీళ్ళు లోపలికెళ్తన్నాయని. నీలవంటే నూనె కాలతందని. బండి ఊరికే నిలబెట్టి, ఆనక తొక్కితే వత్తంది గదండి? నాకు టర్బో మీదే గురి. లేపోతే ఇంజను ఊపిరి గొట్టం మూసుకుపోయుండాలి.”

“టర్బో అంటే అసలేంటి?”

“చిన్న ఫ్యానండి. బయటికి పోయే పొగే దాన్ని తిప్పుద్ది. అది తిరిగి ఇంజన్లోకి గాలి తోసుద్ది. దాని ఇరుసు నూనెలో తేలతా తిరుగుద్ది. ఊపిరి గొట్టం మూసుకుంటే ఇంజన్లో గాలి బిగిసి, ఆ నూనెని పక్కకి తోసేత్తది. ఈ ఒక్క పైపు ఊడదీసి ఇరుసుని వేలితో ఊపితే తెలిసిపోద్ది. లొడలొడలాడితే టర్బో పోయినట్టు. ఆడకపోతే గొట్టం కడుక్కోడవే. పది నిమిషాలు.”

“అయితే ఊడదీయి.”

మస్తాన్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, గడ్డంతో గోడ చూపించాడు. గోడమీద కొత్త నోటీసు ఉంది.

‘పొగ వెడలు ఏ వాహనము యొక్క ఇంజను భాగమునైనను, సదరు పొగ యొక్క వర్ణము మండలిచే ఏకగ్రీవముగా నిర్ధారింపబడనిదే, ఏ మెకానికును విప్పరాదు, కదల్చరాదు, వేలితో ఊపరాదు.’

“వేలితో ఊపరాదని కూడా రాశారే!” అన్నాను.

“మా బామ్మర్ది ఊపాడండి. షెడ్డుకి తాళం ఏశారు. ఆడి కోసం రాసిన ముక్కండి అది.”

బాగా ఆలోచిస్తే నియమం మంచిదే అనిపించింది. కొందరు మెకానిక్కులు పొగ కనిపించగానే టర్బో పోయిందని చెప్పి జనాన్ని మోసం చేస్తున్నారట. ముందు చూడాలి, తర్వాత ముట్టుకోవాలి. దేవుడి దగ్గరైనా అంతే కదా, ముందు దర్శనం, తర్వాతే తీర్థం.

మొదటి సోమవారం మండలి కార్యాలయానికి వెళ్ళాం. కార్లకి సోమవారాలే కేటాయించారు. మిగతా రోజుల్లో మోటారు సైకిళ్ళు, ఆటోలు, ట్రాక్టర్లు. ఆ వేళకి నూనె నింపుకునే వెళ్ళాను. రంగు ఉదయమే తేలిపోతే, మధ్యాహ్నం మస్తాన్ చేత బాగు చేయించుకుని, వచ్చే సోమవారం యాత్రకి బయల్దేరవచ్చని మా లెక్క.

ఆవరణ మధ్య సిమెంటు అరుగు. అరుగు వెనక సినిమా తెర అంత తెల్లగుడ్డ. పక్కన మూడు కుర్చీలు, వాటిలో ముగ్గురు ధూమ పరిశీలకులు. ఒకాయన పొడుగు, ఒకాయన పొట్టి, మూడో ఆయన కళ్ళకి నల్లద్దాలు. వాళ్ళ వెనక ఎత్తయిన కుర్చీలో ముఖ్య ధూమాధికారి సుదర్శనరావుగారు. ఆయన చేతిలో పెద్ద అట్ట ఉంది. దాని మీద డెబ్బై రెండు గుడ్డముక్కలు అంటించి, ఒక్కో ముక్క కింద పేరు రాశారు.

“ఇది అధికారిక వర్ణసూచిక,” అన్నారాయన నాతో. “రంగుల కంపెనీలవారు ఇరవై రంగులకు మించి చూపలేకపోయినారు. చీరల దుకాణమువారు ఒక్క పూటలో డెబ్బై రెండు సమర్పించినారు. సదరు దుకాణమువారికే ఖాయపరచితిమి.”

“ఏ రంగుకి ఏ జబ్బో కూడా అందులోనే ఉంటుందాండీ?”

“ఆ పట్టిక రెండవ దశలో వచ్చును. ప్రస్తుతము రంగు మాత్రమే.”

నేను కారు అరుగెక్కించి, గేటు దగ్గర నిలబడ్డట్టు కాసేపు నిలబెట్టి, కాలు నొక్కాను. పొగ వచ్చింది. ముగ్గురు పరిశీలకులూ లేచి నిలబడ్డారు.

“నెమలి కంఠం,” అన్నాడు పొడుగాయన.

“పావురం మెడ,” అన్నాడు పొట్టాయన.

“కంటి ఆపరేషనయ్యి పదిరోజులేనండి. ఈ నెలంతా నాకు అభిప్రాయం లేదు,” అన్నాడు నల్లద్దాలాయన.

కారులో కూర్చున్న మాణిక్యాంబ కిటికీలోంచి తల బయటపెట్టింది. నలభై ఏళ్ళుగా చీరలు కొంటున్న మనిషి.

“నెమలి కంఠవేవిటండీ! నెమలి కంఠమంటే నీలంలో పచ్చ తొంగిచూడాలి. ఇందులో పచ్చేదీ? పావురం మెడకైతే కొంచెం వంగపండు జీర ఉండాలి. అదీ లేదు. ఇది ఉల్లిపొర నీలం. మా చిన్నాడబడుచు గృహప్రవేశానికి కట్టింది, ఇదే రంగు. బూడిద అంచు.”

పరిశీలకులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సుదర్శనరావుగారు అట్ట తిప్పి చూశారు. నలభై ఆరో ముక్క, ఉల్లిపొర నీలం. ఆయన ఆ ముక్కనీ, గాల్లో మిగిలిన పొగనీ మార్చి మార్చి చూసి, లోలోపల ఒప్పుకున్నట్టే తల ఊపారు.

“అయినను, అమ్మగారు పరిశీలకులు కారు. ఏకాభిప్రాయము కుదరలేదు. వచ్చే సోమవారము పునఃపరిశీలన. అంతవరకు సాక్ష్యము చెడకుండుటకై నూనె మూతకు సీలు వేయబడును.”

నేను అడ్డొచ్చాను. “అయ్యా, ఈ బండి నూనె తాగుతోంది. మధ్యలో పోయకపోతే ఇంజను పట్టేస్తుందని మా మస్తాన్ చెప్పాడు.”

“క్రొత్త నూనె పోసిన యెడల పొగ స్వభావము మారును. మారిన పొగ మొదటి పొగ కాదు. అట్టి పొగను చూచుట పరిశీలన కాదు, వినోదము.”

మూతకి దారం చుట్టి, లక్క కరిగించి, ముద్ర వేశారు. మట్టం చూసే పుల్లకి కూడా వేశారు. ఇంటికి వస్తూ మాణిక్యాంబ వేళ్ళు మడిచింది.

“ఒకటి పోయిందండీ. ఇంకా మూడున్నాయి. స్వామి తొందరపడడు లెండి.”

వారమంతా కారు కదపలేదు. కొట్టుకి నడిచే వెళ్ళాను.

రెండో సోమవారం మబ్బు పట్టింది. ఈసారి నియమం ఇంకాస్త మెరుగుపడింది. ఒక్కో వాహనానికి మూడు నిమిషాలే గడువు. మా కారు పొగ రావాలంటే పది నిమిషాలు నిలబెట్టాలి. ఆ మాట చెప్పాను.

“పొగ పౌరుని సౌకర్యమును బట్టి వచ్చునది కాదు, మండలి సౌకర్యమును బట్టి రావలెను,” అన్నారు సుదర్శనరావుగారు.

మూడు నిమిషాలు అయ్యాయి. వెనక గొట్టంలోంచి ఏమీ రాలేదు. అంతలో పొట్టాయన, “వచ్చింది, వచ్చింది! తెల్లటిది!” అని అరిచాడు.

అందరం చూశాం. పొగ నిజంగానే వస్తోంది, కారు ముందునుంచి. మాణిక్యాంబ సోమవారమని కార్లోని వినాయకుడి బొమ్మ ముందు అగరుబత్తి వెలిగించింది.

“అది అగరొత్తండీ బాబూ,” అంది ఆమె.

“వాహనములో నుండి వెడలు ప్రతి పొగయు వాహన ధూమమే,” అన్నారు సుదర్శనరావుగారు. “ఒక వాహనమునకు రెండు ధూమ మూలములు. రెండు ఫైళ్ళు తెరువవలెను. వ్రాసుకొనుడు: ముందు పొగ, మల్లెమొగ్గ తెలుపు.”

“మల్లెమొగ్గ కాదండీ, మజ్జిగ తెలుపు,” అంది మాణిక్యాంబ. ఆమెకి అబద్ధమాడటం చేతకాదు.

ఆయన కళ్ళజోడు తీసి ఆమెని కాసేపు చూశారు. ఆ చూపు నాకు భయం కలిగించింది. పెళ్ళిచూపుల్లో నేను కూడా ఆమెని అంత శ్రద్ధగా చూడలేదు.

గురువారం నాడు కవరు వచ్చింది. ‘శ్రీమతి మాణిక్యాంబ గారిని మండలి గౌరవ వర్ణ నిపుణురాలిగా నియమించడమైనది.’ ఆమె అభిప్రాయమే ఇక తుది అభిప్రాయం. ముగ్గురు పరిశీలకులూ ఆమె మాటకి కింద సంతకం చేస్తే చాలు. నేను కొట్లో దేవుడి పటానికి దణ్ణం పెట్టుకున్నాను. స్వామి దారి చూపించాడు. మూడో సోమవారం ఆమె ‘ఉల్లిపొర నీలం’ అని ఒక్కమాట అంటే చాలు.

మూడో సోమవారం ఆమెకి చక్రాల కుర్చీ వేసి, మెడలో గుర్తింపు బిళ్ళ కట్టారు. అరుగు పక్కన కూర్చోబెట్టారు. ఆ తర్వాత సుదర్శనరావుగారు ఫైలు తెరిచి అన్నారు:

“నిపుణురాలు తన భర్త వాహనముపై అభిప్రాయము చెప్పుట నిష్పాక్షికతకు భంగము. కావున వారు తక్కిన వాహనములన్నిటిని ముందు నిర్ధారించి, తమ పదవీకాలము పూర్తియైన పిమ్మట, సదరు కారును వేరొక నిపుణురాలు చూడవలెను.”

“వేరే నిపుణురాలు ఎవరండీ?”

“అన్వేషణలో ఉన్నది.”

ఆ రోజు వరుసలో యాభై మూడు కార్లు ఉన్నాయి. మాది యాభై మూడోది; చూసే నిపుణురాలు ఇంకా దొరక్కపోయినా వరుసలోంచి తప్పుకోకూడదట. వరుసలో ఇంజన్లు ఆపకూడదని ఇంకో కొత్త నియమం, పొగ తాజాగా ఉండాలని. ఒక్కో కారూ అరుగెక్కుతోంది. మాణిక్యాంబ చెబుతోంది. “వంకాయ రంగు... ఏనుగు రంగు... ఇది గంధం, కాస్త మాసిన గంధం...” నా ఇంజను నడుస్తోంది. నాకు లోపల నూనె ఎంత ఉందో చూసే దారి లేదు. పుల్ల మీద లక్క.

పదకొండు గంటలకి డాష్‌బోర్డు మీద నూనె డబ్బా ఆకారంలో ఎర్ర దీపం వెలిగింది. నేను పరుగెత్తాను.

“అయ్యా, రెండు చేతులూ జోడించి అడుగుతున్నాను. ఒక్క లీటరు పోసుకోనివ్వండి. లేదా ఇంజను ఆపుకోనివ్వండి. రెండిట్లో ఏదో ఒకటి.”

“రెండింటికి రెండు వేరు దరఖాస్తులు. నమూనా పత్రములు మధ్యాహ్నము రెండు గంటలకు లభించును.”

మాణిక్యాంబ కుర్చీలోంచి లేవబోయింది. “ఏవండీ, ఆపెయ్యండీ! ఎవరేమంటే అదే అవుతుంది. ఇంజను ఆపెయ్యండీ!”

నేను కారు వైపు తిరిగి నాలుగడుగులు వేశాను. అంతలోనే లోపల ఏదో ఇనప గిన్నెని సిమెంటు గచ్చు మీద ఈడ్చినట్టు కీచుమంది. ఒక్కసారి కారంతా వణికి, ఆగిపోయింది. ఆవరణలో మిగతా ఇంజన్లన్నీ నడుస్తున్నా నాకు మాత్రం నిశ్శబ్దమే వినిపించింది.

సుదర్శనరావుగారు మెట్లు దిగి వచ్చి, మా కారు వెనక వంగి, గొట్టంలోకి చూశారు. తెల్ల జేబురుమాలు గొట్టం ముందు పట్టుకున్నారు. రుమాలు తెల్లగానే ఉంది.

“పొగ సున్నా,” అన్నారు. రుమాలు అందరికీ కనబడేలా ఎత్తి పట్టారు. “మండలి స్థాపించిన నాటి నుండి పొగ పూర్తిగా ఆగిపోయిన మొదటి వాహనము ఇదియే!”

ముగ్గురు పరిశీలకులూ చప్పట్లు కొట్టారు.

“ఇంజను చచ్చిపోయిందండీ,” అన్నాను.

“మీ ఫిర్యాదు పొగ గురించి. ఇంజను గురించి మీరెన్నడును ఫిర్యాదు చేసియుండలేదు,” అన్నారాయన ఆప్యాయంగా. అప్పటికప్పుడు ధ్రువపత్రం రాసి ఇచ్చారు. ఫైలు మూసేశారు.

ఫైలు మూశారు కాబట్టి ఇక విప్పవచ్చు. మస్తాన్ వచ్చి అక్కడే లక్క పగలగొట్టి, ఊపిరి గొట్టం ఊడదీశాడు. లోపల చిటికెడు నల్లటి జిడ్డు అడ్డం పడి ఉంది. దాన్ని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాడు.

“ఇంతేనండి. నెల కిందట ఈ జిడ్డు పిసరు తీసుంటే అయిపోను. ఇప్పుడు టర్బో పోయింది, ఇంజను పోయింది. బాగు చెయ్యాలంటే నాకు రెండు నెలలు.”

మాణిక్యాంబ మెడలోని బిళ్ళ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఒక్క సోమవారం మిగిలి ఉంది. బస్సులో వెళదామని నేను అనలేదు. బస్సు మొదటి మెట్టు ఆమె మోకాలికంటే ఎత్తు అని ఇద్దరికీ తెలుసు. ఇంకెవరి కారైనా అడుగుదామన్నా, ఊళ్ళో పొగ రాని కార్లు లేవు. పొగ వచ్చేవాటి మూతలకి సీళ్ళున్నాయి. సీళ్ళున్న కార్లని మూడు వందల కిలోమీటర్లు తీసుకుపోయే సాహసం ఎవరికుంటుంది?

బుధవారం నాడు సుదర్శనరావుగారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. మాణిక్యాంబ కాఫీ ఇచ్చింది. ఆయన సంబరంగా ఉన్నారు.

“పైవారు హర్షించినారు. మీ కారును మండలి లారీపై నిలిపి, ముఖ్య పట్టణములలో ప్రజల అవగాహనార్థము ప్రదర్శింపవలెనని ఆజ్ఞ. యజమాని సమ్మతి పత్రముపై సంతకము కావలెను. నిపుణురాలు కూడ వెంట రావలెను.”

నేను కలం తీశాను. మాణిక్యాంబ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఏ ఊళ్ళండీ?”

“ఇంకను నిర్ణయింపబడలేదు. జనసమ్మర్దము గల స్థలములు వెదకుచున్నాము.”

“కార్తీక సోమవారం నాడు జనమెక్కడుంటారండీ రావుగారూ?” అంది ఆమె, చేటలో బియ్యం ఏరుతున్నంత మామూలుగా. “సామర్లకోటలో ఉంటారు. ద్రాక్షారామంలో ఉంటారు. పాలకొల్లు, భీమవరం, ఆఖరికి అమరావతి. ఈ ఐదు చోట్లా ఉన్నంత జనం ఇంకెక్కడా దొరకరు మీకు.”

ఆయన జేబులోంచి పుస్తకం తీసి ఐదు పేర్లూ రాసుకున్నారు. “అద్భుతము. ఇట్టి ప్రణాళికా దృష్టి మా కార్యాలయములో ఒక్కరికిని లేదు.”

ఆయన వెళ్ళాక నేను మెల్లగా అడిగాను. “మాణిక్యం, ఇది మొక్కు కింద లెక్కకొస్తుందంటావా? ప్రభుత్వం లారీలో, చచ్చిన కార్లో కూర్చుని?”

“ఐదు గుళ్ళు, ఒక్కరోజు అన్నాను. బండి నడవాలని అన్లేదు,” అంది. “అయినా స్వామికి చేతికందిన మనుషులతోటే కదండీ పని చేయించుకోవాలి. మన ఊళ్ళో ఆయనకి వీళ్ళే దొరికారు.”

నాలుగో సోమవారం తెల్లవారకముందే బయల్దేరాం. లారీ మీద మా కారు, కారు ముందు సీట్లలో మేమిద్దరం. తాళ్ళు కట్టి, దారంతా చూసుకుంటూ వెంట రావడానికి మస్తాన్‌ని పిలిచారు; కట్టడం విప్పడం కాదు కాబట్టి అభ్యంతరం లేదన్నారు. డ్రైవరు ఏసుబాబు. అతని పక్కన మైకు పట్టుకుని సుదర్శనరావుగారు. పరిశీలకులు ముగ్గురూ జీపులో.

సామర్లకోటలో లారీ ఆగగానే ఆయన “పొగరహిత సమాజము...” అని మొదలుపెట్టారు. జనం వినలేదు. ఎత్తు మీద పూలదండలు వేసిన బండి, లోపల ముసలి దంపతులు. అదేదో వాహన సేవ అనుకుని ఒకావిడ బంపరు దగ్గర కొబ్బరికాయ కొట్టింది. ఇంకొకావిడ హారతి పట్టింది. వరుస కట్టారు.

“ఏం ప్రసాదమండీ?” అని ఒకాయన సుదర్శనరావుగారినే అడిగాడు. ఆయన దగ్గర కరపత్రాలున్నాయి. అవే ఇచ్చారు. అడిగినాయన కళ్ళకద్దుకున్నాడు.

ద్రాక్షారామంలో స్వామిని చూడాలంటే పై అంతస్తుకి మెట్లెక్కాలి. మాణిక్యాంబ మొదటి మెట్టు దగ్గరే గోడ పట్టుకుని ఆగింది. పరిశీలకులు ఒక కుర్చీ తెచ్చి, ఆమెని కూర్చోబెట్టి, ముగ్గురూ ఒక్కసారే ఎత్తారు. వాళ్ళు ఉద్యోగంలో చేరాక ఏకాభిప్రాయానికి రావడం అదే మొదటిసారి అని పొట్టాయన తర్వాత నాతో చెప్పాడు.

పాలకొల్లు అయింది. భీమవరం అయింది. ఒక్కో ఊళ్ళో ఉపన్యాసం చిన్నదైపోతూ వచ్చింది. భీమవరంలో మైకు తియ్యనే లేదు. గుళ్ళోంచి బయటికి వచ్చేసరికి ఆయన నుదుట మూడు విభూతి రేఖలు ఉన్నాయి.

“పదకొండేళ్ళ నుండి ఈ ప్రాంతములోనే పనిచేయుచున్నానమ్మా,” అన్నారు మాణిక్యాంబతో. “ఒక్క ఆరామము చూడలేదు. సెలవు మంజూరు కాలేదు. ఈ రోజు నాకును నాలుగయినవి.”

విజయవాడ దాటి కృష్ణ ఒడ్డున పోతుండగా లారీ నీరసించింది. ఏసుబాబు ఎంత తొక్కినా నడిచేవాడి వేగమే. వెనక దట్టంగా నల్లటి పొగ. జీపు ఎప్పుడో ముందుకి పోయింది. పొద్దు వాలుతోంది. అమరావతి ఇంకా ముప్ఫై కిలోమీటర్లు.

“లాగట్లేదండి బాబూ,” అన్నాడు ఏసుబాబు దిగి. “ఇలాగెళ్తే గుడి మూసేత్తారు.”

మస్తాన్ అప్పటికే చెవి రిక్కించి వింటున్నాడు. “తుస్సుమంటంది ఇనండి. టర్బో నుంచి గాలి పోయే గొట్టం ఎక్కడో ఊడింది. గాలందక డీజిలు కాలట్లేదు. అందుకే నలుపు. బానెట్ ఎత్తితే...” అని ఆగి, సుదర్శనరావుగారిని చూసి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ నియమం రాసిన చెయ్యి సుదర్శనరావుగారిదే.

“వర్ణ నిర్ధారణకు...” అని గొణిగారాయన. “ముగ్గురు పరిశీలకుల సంతకములు... భారీ వాహనములకు శుక్రవారము...”

మాణిక్యాంబ కారు తలుపు తీసింది. మస్తాన్, నేను చెరో చెయ్యీ పట్టుకుని ఆమెని లారీ మీంచి దించాం. ఆమె పొగ వైపు చూడనైనా చూడలేదు. ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

“రావుగారూ, మా తమ్ముడు లేచి కూర్చున్నాడండీ,” అంది. “నేను మాటిచ్చాను. నాలుగయ్యాయి. మీకూ నాలుగే అయ్యాయి.”

ఆయన లారీని చూశారు. పడమటి ఆకాశాన్ని చూశారు. జేబులోంచి పుస్తకం సగం తీసి, లోపలికి నెట్టేశారు. తర్వాత మెల్లగా వీపు తిప్పి, రోడ్డు పక్క అరటితోట కేసి తిరిగి నిలబడ్డారు.

“నేను పంట పరిశీలించుచున్నాను,” అన్నారు తోటతో. “నా వెనుక ఏమి జరుగుచున్నదో నాకు తెలియు అవకాశము లేదు.”

మస్తాన్ బానెట్ ఎత్తేశాడు. లోపల ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు. “దొరికింది! క్లిప్పు లూజయ్యి గొట్టం జారిపోయింది. ఏసుబాబూ, ఆ స్క్రూడ్రైవరిలా పడెయ్!”

కాసేపటికి సుదర్శనరావుగారు తల తిప్పకుండానే అడిగారు.

“శంకరంగారూ, పంట పరిశీలన ఇంకను ఎంతసేపు పట్టవచ్చును?”

“ఇంకో రెండు నిమిషాలు పడుతుందటండీ,” అన్నాను.

“గెలలు బాగున్నవి,” అన్నారాయన.

ఏసుబాబు ఇంజను స్టార్టు చేశాడు. లారీ ఒక్కసారి గర్జించి, పరుగందుకుంది.

అమరేశ్వరుడి గుడి ముందు దిగేసరికి హారతి గంట మోగుతోంది. మాణిక్యాంబ ఒక చేత్తో నా భుజం, ఇంకో చేత్తో సుదర్శనరావుగారి భుజం పట్టుకుని మెట్లెక్కింది. స్వామి ఎదుట నిలబడి కళ్ళు మూసుకోలేదు. రెప్ప వెయ్యకుండా చూస్తూనే ఉంది. చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

పూజారిగారు పేరూ గోత్రమూ అడిగారు. మావి చెప్పాను. తమ్ముడి పేరు ఆమె చెప్పింది. తర్వాత ఆయన పళ్ళెంతో సుదర్శనరావుగారి వైపు తిరిగారు.

“ముఖ్య ధూమాధి...” అని మొదలుపెట్టారాయన. గర్భగుడిలో దీపం చూసి ఆగారు.

“సుదర్శనం అండి,” అన్నారు.